ఏఎంఐలో ఏం పెట్టాలి, బూట్ టైమ్‌కి ఏం వదలాలి? ఉబుంటు 22.04, ఆటో స్కేలింగ్

తీరం22:

అందరికీ నమస్తే. పరీక్షల ఫలితాలు చూపించే సైట్ మాది. మామూలు రోజుల్లో రెండు మెషీన్లు చాలు. ఇంటర్ రిజల్ట్స్ రోజు మాత్రం ఫలితాలు విడుదలయ్యాయని టీవీలో స్క్రోలింగ్ వచ్చిన క్షణం నుంచి జనం ఒక్కసారిగా వచ్చిపడతారు, ఆ మొదటి అరగంట గడిస్తే చాలు అన్నట్టు ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో ఉన్నాం. అవసరాన్ని బట్టి మెషీన్లు తనే లేపే ఆటో స్కేలింగ్ గ్రూప్ ఉంది, ఉబుంటు 22.04 మామూలు ఇమేజ్ (మెషీన్లు లేపడానికి వాడే డిస్క్ అచ్చు, ఏడబ్ల్యూఎస్‌లో దీన్నే ఏఎంఐ అంటారు), దాని మీద బూట్ టైమ్‌లో యూజర్-డేటా స్క్రిప్ట్ నడిచి జావా, ఎన్‌జినెక్స్, మానిటరింగ్ ఏజెంట్, మా యాప్ జార్ ఫైల్ అన్నీ అప్పటికప్పుడు దింపుకుని ఇన్‌స్టాల్ చేసుకుంటుంది. కొత్త మెషీన్ లేచి లోడ్ బ్యాలెన్సర్ కింద చేరేసరికి ఏడెనిమిది నిమిషాలు, ఈలోపు ఉన్నవి పడిపోతున్నాయి. ఇంకో బాధ ఏంటంటే ప్యాకేజీలు దిగేటప్పుడు నెట్‌వర్క్ కాస్త మొరాయించినా స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోతుంది, హెల్త్ చెక్ ఫెయిల్, ఆటో స్కేలింగ్ ఆ మెషీన్‌ని చంపేసి ఇంకోటి లేపుతుంది, దానికీ అదే గతి.

దీనికి మందుగా టీమ్‌లో ఒకరు నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్ మీదే క్రియేట్ ఇమేజ్ నొక్కి ఏఎంఐ తీశారు. దాంతో మెషీన్ నిమిషంలో లేస్తోంది, అది బాగానే ఉంది. కానీ టెస్ట్‌లో ఐదు మెషీన్లు లేపితే మానిటరింగ్‌లో ఒక్కటే కనిపిస్తోంది, దాని గ్రాఫ్ పిచ్చిగా ఎగురుతోంది. ఇవాళ లేచిన మెషీన్‌లో జర్నల్ తెరిస్తే పోయిన వేసవి నాటి లాగ్స్ ఉన్నాయి. ఈ ఏఎంఐనే శుభ్రం చేసి వాడుకోవచ్చా, లేక ప్యాకర్‌తో (స్క్రిప్ట్ ప్రకారం ఇమేజ్ తయారుచేసే టూల్) మొదటి నుంచి మొదలుపెట్టాలా? ఇమేజ్‌లో ఎంతవరకు పెట్టాలి? జార్ ఫైల్ కూడా అందులోనేనా? డేటాబేస్ పాస్‌వర్డ్ ఎక్కడ? రిజల్ట్స్ సీజన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

పాతసర్వర్:

తీరం22 గారూ, ఆ ఏఎంఐని వదిలేయండి. శుభ్రం చేసే ప్రయత్నం కూడా వద్దు, ఎందుకో చెప్తా.

ముందు మీకు కనిపిస్తున్న లక్షణాల సంగతి. ఈటీసీ ఫోల్డర్‌లో మెషీన్-ఐడీ అనే చిన్న ఫైల్ ఉంటుంది, లోపల 32 అక్షరాల హెక్స్ నంబర్ ఒక్కటే. లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ, మెషీన్ మొదటిసారి బూట్ అయినప్పుడు దాన్ని పుట్టిస్తుంది, ఆ తర్వాత తాకదు. నడిచే సర్వర్ నుంచి ఇమేజ్ తీస్తే అదీ అలాగే వచ్చేస్తుంది, అంటే మీ ఐదు మెషీన్లూ తమది ఒకే ఐడీ అనుకుంటున్నాయి. జర్నల్ లాగ్స్ దాచే ఫోల్డర్ పేరే ఆ ఐడీ కాబట్టి పాత ఫోల్డర్‌ని కొత్త మెషీన్ తనదే అనుకుని చూపిస్తోంది. మానిటరింగ్ ఏజెంట్లు కూడా చాలావరకు ఈ నంబర్‌నో, మొదటిసారి రిజిస్టర్ అయినప్పుడు తమ ఫోల్డర్‌లో రాసుకున్న ఇంకో ఐడీనో పట్టుకుని ఉంటాయి. ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) హోస్ట్ కీలు మాత్రం మీకు వేరువేరుగానే వస్తుండాలి, చూడండి. ఇన్‌స్టెన్స్ (క్లౌడ్ మెషీన్) ఐడీ మారిందని గమనించి, బూట్‌లో మెషీన్‌ని సెట్ చేసే క్లౌడ్-ఇనిట్ పాత కీలు తీసేసి కొత్తవి చేస్తుంది. మెషీన్-ఐడీ జోలికి మాత్రం తనంతట తాను పోదు.

ఇవన్నీ కడిగేయొచ్చు కదా అంటారు. కనిపించినవి కడుగుతారు, కనిపించనివి? ఆ సర్వర్‌లో ఎన్ని నెలలుగా ఎవరెవరు లాగిన్ అయ్యారో, ఎవరి పబ్లిక్ కీ ఆథరైజ్డ్ కీస్‌లో మిగిలి ఉందో, బ్యాష్ హిస్టరీలో ఏ పాస్‌వర్డ్ టైప్ అయిందో, అర్జెంట్‌గా చేతితో మార్చిన కాన్ఫిగ్ ఏదో ఎవరికి గుర్తుంటుంది? పైగా డిలీట్ చేస్తే పోతుందనుకోవడమే ప్రమాదం. ఏఎంఐ కింద ఉండే స్నాప్‌షాట్ అనేది ఫైళ్ల కాపీ కాదు, డిస్క్ బ్లాకుల కాపీ. ఫైల్ పేరు పోయినా దాని బ్లాకులు తిరగరాసేదాకా అక్కడే ఉంటాయి, ఆ ఇమేజ్ చేతికొచ్చినవాళ్లు వాల్యూమ్ చేసుకుని మామూలు రికవరీ టూల్‌తో బయటికి తీయగలరు. ఫ్రాన్స్‌లోని యూరేకామ్ పరిశోధకులు అమెజాన్ పబ్లిక్ ఇమేజ్‌లు ఐదువేలకు పైగా పరిశీలించి 2012లో పేపర్ వేశారు. ప్రైవేట్ కీలు, హిస్టరీ ఫైళ్లే కాదు, డిలీట్ చేసిన ఫైళ్లు కూడా తిరిగి దొరికాయి వాళ్లకి. కంపెనీ లోపల వాడుకునే ఇమేజే కదా అనిపించొచ్చు, రేపు ఇంకో అకౌంట్‌తో షేర్ చేయరని గ్యారంటీ ఏంటి?

అందుకే నేను ఒకటే పట్టుకుంటాను. అన్ని మెషీన్లకీ ఉమ్మడిగా ఉండేది ఇమేజ్‌లో పెట్టాలి, ఒక్కో మెషీన్‌కి సొంతంగా ఉండాల్సింది బూట్‌లో పుట్టాలి, రహస్యాలు మాత్రం ఇమేజ్‌లో అస్సలు ఉండకూడదు. పెళ్లికి కూరగాయలు ముందు రాత్రే తరిగి పెట్టుకుంటారు, అన్నం మాత్రం పంక్తి వేసే ముందే వారుస్తారు, అలాగన్నమాట. జావా, ఎన్‌జినెక్స్, ఏజెంట్ బైనరీ, సెక్యూరిటీ ప్యాచ్‌లు, కెర్నల్ సెట్టింగ్స్, లాగ్ రొటేషన్ ఇవన్నీ ముందు రాత్రి పని. ఏజెంట్ రిజిస్ట్రేషన్ బూట్ అయ్యాక. అంటే ఇమేజ్ బిల్డ్ చేసేటప్పుడు ఏజెంట్‌ని ఇన్‌స్టాల్ చేసి ఎనేబుల్ చేయండి కానీ స్టార్ట్ చేయొద్దు, ఒక్కసారి స్టార్ట్ అయితే ఐడీ రాసేసుకుంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఏడబ్ల్యూఎస్ పారామీటర్ స్టోర్‌లోనో సీక్రెట్స్ మేనేజర్‌లోనో ఉంచి, ఇన్‌స్టెన్స్‌కి ఐఏఎమ్ రోల్ (చదివే అనుమతి) ఇచ్చి, యాప్ లేచేటప్పుడు చదువుకునేలా చేయండి.

ప్యాకర్ చేసేది పెద్ద మాయేం కాదు. ఉబుంటు అధికారిక ఏఎంఐ నుంచి ఒక తాత్కాలిక మెషీన్ లేపుతుంది, తాత్కాలిక కీ, సెక్యూరిటీ గ్రూప్ చేసుకుంటుంది, లోపలికి వెళ్లి మీ షెల్ స్క్రిప్ట్ లేదా ఆన్సిబుల్ నడుపుతుంది, మెషీన్ ఆపి ఏఎంఐ తీస్తుంది, వాడినవన్నీ తీసేస్తుంది. లాభం ఏంటంటే ఇమేజ్‌లో ఏముందో గిట్‌లో రాతపూర్వకంగా ఉంటుంది. 2024 జులైలో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో రెగ్రెషన్ అనే పెద్ద లోపం బయటపడింది కదా, ఉబుంటు 22.04కి కూడా తగిలింది. బిల్డ్ స్క్రిప్ట్ ఉన్నవాళ్లు ప్యాచ్ రాగానే మళ్లీ బిల్డ్ కొట్టి, ఇన్‌స్టెన్స్ రిఫ్రెష్‌తో మెషీన్లు మార్చేసుకున్నారు. చేత్తో తీసిన ఇమేజ్ ఉంటే పాత ఇమేజ్ లేపి, ప్యాచ్ వేసి, మళ్లీ ఇమేజ్ తీసి, దాని మీద ఇంకోటి, ఇలా ఆ పాత చెత్త తరతరాలుగా మోయాల్సిందే.

స్క్రిప్ట్ చివరి అడుగు శుభ్రం చేయడం. క్లౌడ్-ఇనిట్ క్లీన్ కమాండ్‌కి లాగ్స్, మెషీన్-ఐడీ ఆప్షన్లు రెండూ ఇవ్వండి. మీ వెర్షన్‌లో మెషీన్-ఐడీ ఆప్షన్ లేకపోతే ఆ ఫైల్‌ని డిలీట్ చేయకుండా ఖాళీ చేయండి, ఖాళీగా ఉంటే సిస్టమ్‌డీ తర్వాతి బూట్‌లో కొత్తది రాస్తుంది. హోస్ట్ కీలు, ప్యాకర్ పెట్టిన తాత్కాలిక పబ్లిక్ కీ, జర్నల్ ఫోల్డర్, ఆప్ట్ (ఉబుంటు ప్యాకేజీ టూల్) క్యాష్ కూడా తీసేయండి.

నల్లమల_నోడ్:

పైన చెప్పిన దాంతో ఏకీభవిస్తా, ఒక్క జార్ విషయం తేల్చకుండా వదిలేశారు. నా మాట: జార్ కూడా ఇమేజ్‌లోనే పెట్టండి. మీ కేసులో అసలు జబ్బు ఆలస్యం ఒక్కటే కాదు, స్కేల్ అయ్యే సమయంలో బయటి వాటి మీద ఆధారపడడం. రిజల్ట్స్ రోజు ప్యాకేజీ మిర్రర్ మొరాయిస్తే మెషీన్ చచ్చిపోతోందని మీరే రాశారు. ఇమేజ్‌లో జార్ లేకపోతే ఆ ఆధారం ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్ ఎస్3కో ఇంకో రిపోజిటరీకో మారుతుంది తప్ప పోదు. కొత్త వెర్షన్ అంటే కొత్త ఇమేజ్, లాంచ్ టెంప్లేట్ (ఏ ఇమేజ్‌తో మెషీన్ లేపాలో చెప్పేది) మార్పు, ఇన్‌స్టెన్స్ రిఫ్రెష్, అంతే. రోల్‌బ్యాక్ అంటే పాత ఏఎంఐ ఐడీ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్నాప్‌షాట్ నుంచి పుట్టిన ఈబీఎస్ వాల్యూమ్‌లో (క్లౌడ్ డిస్క్) డేటా మొదట్లో పూర్తిగా ఉండదు. ఏ బ్లాక్ మొదటిసారి చదివితే ఆ బ్లాక్ అప్పుడు ఎస్3 నుంచి వస్తుంది. అందుకే పెద్ద జావా యాప్ కొత్త మెషీన్‌లో మొదటిసారి లేవడానికి మీరు ఊహించిన దానికంటే ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, రెండోసారి రీస్టార్ట్ చేస్తే టకటకా లేస్తుంది. కాబట్టి ఇమేజ్‌ని సన్నగా ఉంచండి, అవసరం లేని కంపైలర్లు, డాక్యుమెంట్లు, పాత కెర్నల్స్ తీసేయండి. ఫాస్ట్ స్నాప్‌షాట్ రిస్టోర్ అని ఉంది కానీ ఒక్కో స్నాప్‌షాట్‌కి ఒక్కో జోన్‌లో గంటల లెక్కన డబ్బు, ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. మీకు ఆ అవసరమే లేదు. ఫలితాల తేదీ, టైమ్ ముందే ప్రకటిస్తారు కదా, షెడ్యూల్డ్ స్కేలింగ్ పెట్టి అరగంట ముందే మెషీన్లు లేపి ఉంచండి. ఇమేజ్ ఎంత బాగా చేసినా, ఒక్క నిమిషంలో పదింతలయ్యే ట్రాఫిక్‌ని ఆటో స్కేలింగ్ వెంటాడి పట్టుకోలేదు.

పాతసర్వర్:

నల్లమల గారూ, వీళ్ల కేసుకి మీరు చెప్పిందే కరెక్ట్. నేను రోజుకి పదిసార్లు డిప్లాయ్ చేసే టీమ్‌లలో పనిచేశాను, అక్కడ ప్రతి చిన్న మార్పుకీ ఇమేజ్ అంటే డెవలపర్లు విసిగిపోతారు. రెండు అంతస్తులుగా చేస్తే మధ్యేమార్గం. వారానికోసారి ప్యాచ్‌లు, జావా, ఏజెంట్‌తో బేస్ ఇమేజ్, దాని మీద జార్ ఒక్కటే పెట్టే చిన్న ఇమేజ్. రెండోది రెండు మూడు నిమిషాల పని, టైమ్ ఎక్కువగా స్నాప్‌షాట్‌కే పోతుంది.

తీరం22:

చాలా థాంక్స్ ఇద్దరికీ. ప్యాకర్ మొదలుపెట్టాను. బిల్డ్ ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుంది, అదే స్క్రిప్ట్. ఒకసారి ప్యాకేజీ దొరకలేదు అంటుంది, ఇంకోసారి డీప్యాకేజ్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) లాక్ దొరకలేదు అంటుంది. ఇంకోటి, డిజాస్టర్ రికవరీకి హైదరాబాద్ రీజియన్‌లో కూడా పెట్టమన్నారు, ఇదే ఏఎంఐ ఐడీ అక్కడ పనిచేస్తుందా?

నల్లమల_నోడ్:

మెషీన్‌కి ఎస్ఎస్‌హెచ్ తెరుచుకోగానే ప్యాకర్ లోపలికి దూరుతుంది, అప్పటికి క్లౌడ్-ఇనిట్ పని ఇంకా సగంలోనే ఉంటుంది. ఆప్ట్ సోర్స్ లిస్ట్‌ని అది తిరగరాసే సమయంలో మీ స్క్రిప్ట్ ఇన్‌స్టాల్ అడిగితే ప్యాకేజీ దొరకలేదు అంటుంది. ఉబుంటు ఆటోమేటిక్ అప్‌డేట్ అదే టైమ్‌లో నడుస్తుంటే లాక్ గొడవ. స్క్రిప్ట్ మొదటి లైన్‌గా క్లౌడ్-ఇనిట్ స్టేటస్ కమాండ్‌ని వెయిట్ ఆప్షన్‌తో పెట్టండి, అది పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఆప్ట్‌కి లాక్ టైమ్ఔట్ ఆప్షన్ కూడా ఇస్తే లాక్ సమస్య పోతుంది. మధ్యలో స్లీప్ 30 అని రాసి సరిపెట్టేవాళ్లను చాలామందిని చూశాను, అది ఇవాళ పనిచేసి రేపు కొడుతుంది.

ఏఎంఐ ఐడీ రీజియన్‌కే పరిమితం. హైదరాబాద్‌కి కాపీ చేస్తే అక్కడ కొత్త ఐడీ వస్తుంది. ప్యాకర్‌లో రీజియన్ల లిస్ట్ ఇస్తే అదే కాపీ చేసిపెడుతుంది. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చింది, కొత్తగా వచ్చిన రీజియన్లు అకౌంట్‌లో డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి కాబట్టి ముందు ఎనేబుల్ చేసుకోండి, లేకపోతే ఆథరైజేషన్ ఎర్రర్ చూసి ఐఏఎమ్ పాలసీ తప్పేమో అని తిరుగుతారు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేస్తుంటే కేఎంఎస్ కీ కూడా ఒక్కో రీజియన్‌కి ఒకటి చూసుకోవాలి. ఇంకో అకౌంట్‌తో షేర్ చేసే ఆలోచన ఉంటే ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఇమేజ్ షేర్ కాదు, మీ సొంత కీ కావాలి. ఐడీలు చేత్తో కాన్ఫిగ్‌లో రాయకుండా పారామీటర్ స్టోర్‌లో రాసి, లాంచ్ టెంప్లేట్‌లో ఆ పారామీటర్ పేరు ఇవ్వండి, రెండు రీజియన్లలో పేరు ఒకటే ఉంటుంది.

ఇంకోటి, మూల ఏఎంఐని పేరుతో వెతికేటప్పుడు ఓనర్ ఐడీ తప్పనిసరిగా ఇవ్వండి, ఉబుంటు తయారుచేసే కెనానికల్‌ది 099720109477. టెర్రాఫామ్‌లోనో స్క్రిప్ట్‌లోనో ఓనర్ లేకుండా ఈ పేరున్న వాటిలో లేటెస్ట్ ఇవ్వు అని అడిగితే, అదే పేరుతో ఎవరో పబ్లిక్‌గా పెట్టిన ఇమేజ్ మీ నెత్తిన పడొచ్చు. డేటాడాగ్ వాళ్లు 2025 ఫిబ్రవరిలో ఈ దాడిని వివరంగా బయటపెట్టారు.

చిన్నకోడర్:

ఈ థ్రెడ్‌లోనే అడుగుతున్నా, ఏమనుకోకండి. మాది రాకీ లైనక్స్, సొంత కేవీఎం (వర్చువల్ మెషీన్లు నడిపే) సర్వర్ మీద ఐఎస్ఓ నుంచి ఇన్‌స్టాల్ చేసిన వీఎం. దాన్ని ఏడబ్ల్యూఎస్‌కి తేవాలి. దాని క్యూకౌ2 డిస్క్ ఫైల్‌ని ఏడబ్ల్యూఎస్ తీసుకోవడం లేదు, రా ఫార్మాట్‌కి మార్చి స్నాప్‌షాట్‌గా ఇంపోర్ట్ చేసి ఏఎంఐ రిజిస్టర్ చేస్తే మెషీన్ రన్నింగ్ అని చూపిస్తుంది, లోపలికి మాత్రం వెళ్లలేకపోతున్నా. సాయం చేయండి అన్నా.

బూట్‌లోడర్_భీమిలి:

చిన్నకోడర్, ముందు కన్సోల్ ఔట్‌పుట్ చూడు తమ్ముడూ. అక్కడ ఏమీ లేకపోతే గ్రబ్ బూట్‌లోడర్‌లో సీరియల్ కన్సోల్ సెట్టింగ్ లేదని అర్థం, టీటీవైఎస్0 అని చేర్చి మళ్లీ ఇంపోర్ట్ చెయ్యి, లేకపోతే కళ్లకు గంతలు కట్టుకుని వెతికినట్టే. చూస్తే డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోయి, రూట్ డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఉంటుందని నా అంచనా. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రాకట్ మామూలుగా హోస్ట్-ఓన్లీ పద్ధతిలో ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) చేస్తుంది, అంటే ఆ రోజు ఆ మెషీన్‌కి ఏ డ్రైవర్లు కావాలో అవే పెడుతుంది. నీ కేవీఎంలో డిస్క్ విర్ట్ఐఓ, ఏడబ్ల్యూఎస్ కొత్త ఈసీ2 మెషీన్లలో డిస్క్ ఎన్‌వీఎంఈ. ఆ డ్రైవర్ ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌లో లేకపోతే కెర్నల్‌కి డిస్కే కనిపించదు. అందుకే అందరిలో తిరగాల్సిన ఇమేజ్‌కి హోస్ట్-ఓన్లీ ఆపేసి డ్రాకట్ మళ్లీ నడపాలి, కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు కూడా అలాగే ఉండేలా కాన్ఫిగ్ ఫైల్‌లో రాయాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) వీడీఏ1 అని డిస్క్ పేరు ఉంటే యూయూఐడీకి మార్చు. నెట్‌వర్క్ కార్డ్‌కి ఈఎన్ఏ డ్రైవర్ కావాలి, రిజిస్టర్ చేసేటప్పుడు ఈఎన్ఏ సపోర్ట్ ఆప్షన్ ఇవ్వడం మర్చిపోకు. నీ వీఎం యూఈఎఫ్ఐతో ఇన్‌స్టాల్ అయి ఉంటే బూట్ మోడ్ కూడా అదే చెప్పాలి. క్లౌడ్-ఇనిట్ ఇన్‌స్టాల్ అయిందో లేదో కూడా చూడు, ఐఎస్ఓ ఇన్‌స్టాల్‌లో అది ఉండకపోవచ్చు. అది లేకుండా నీ కీ లోపలికి ఎలా వెళ్తుంది?

ఇంత చెప్పాక ఇంకో మాట, ఆ వీఎంని మోసుకురావడం తప్పనిసరి కాకపోతే రాకీ వాళ్ల క్లౌడ్ ఇమేజ్ తీసుకుని దాని మీద మీ స్క్రిప్ట్ నడుపు. ప్యాకర్‌కి క్యూఈఎంయూ ప్లగిన్ ఉంది, అదే స్క్రిప్ట్‌తో మీ కేవీఎంకి క్యూకౌ2, ఏడబ్ల్యూఎస్‌కి ఏఎంఐ రెండూ వస్తాయి. చిన్న మార్పులకి విర్ట్-కస్టమైజ్ చాలు, మెషీన్ బూట్ చేయకుండానే ఇమేజ్ ఫైల్ లోపల ప్యాకేజీలు పెట్టేస్తుంది. రేపు అజ్యూర్ అంటే ఫిక్స్‌డ్ సైజ్ వీహెచ్‌డీ, సైజ్ సరిగ్గా మెగాబైట్ల లెక్కలో ఉండాలి. గూగుల్ అంటే ఫైల్ పేరు డిస్క్.రా అనే ఉండాలి, దాన్ని టార్, జీజిప్ చేసి ఎక్కించాలి. ఇలాంటి చిన్న చిన్న షరతుల దగ్గరే రోజులు పోతాయి.

మెషీన్-ఐడీ సంగతి మన సొంత సర్వర్లలో ఇంకా గట్టిగా కొడుతుంది. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ తన డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ అడిగే పద్ధతి) గుర్తింపుని మెషీన్-ఐడీ నుంచే తయారు చేసుకుంటుంది. మ్యాక్ అడ్రస్‌లు వేరైనా రెండు క్లోన్‌లకి ఒకే ఐపీ వస్తోంది, రౌటర్ చెడిపోయిందా అని అడిగే పోస్టులు ఇక్కడే ఎన్నో చూశాం. చాలావరకు కారణం ఇదే.

చిన్నకోడర్:

ఎమర్జెన్సీ షెల్‌లోనే ఆగింది అన్నా, మీరు చెప్పినట్టే. డ్రాకట్ మళ్లీ నడిపి ఎక్కించాను, లేచింది. క్లౌడ్-ఇనిట్ కూడా లేదు, పెట్టాను.

తీరం22:

మాది కూడా సెటిల్ అయింది. జార్‌తో సహా ఇమేజ్, లేచిన నిమిషంన్నరలో ట్రాఫిక్ తీసుకుంటోంది, మానిటరింగ్‌లో ఏ మెషీన్‌కి ఆ మెషీన్ కనిపిస్తోంది. చివరి ప్రశ్న. రోజూ బిల్డ్‌లు చేస్తుంటే ఏఎంఐలు కుప్పపడుతున్నాయి, పాతవి ఎలా తీసేయాలి? డీరిజిస్టర్ కొట్టినా స్నాప్‌షాట్ల బిల్లు తగ్గలేదు.

పాతసర్వర్:

డీరిజిస్టర్ చేస్తే ఏఎంఐ అనే రికార్డ్ పోతుంది, కింద ఉన్న స్నాప్‌షాట్ పోదు, బిల్లు దానికే. ఇదివరకు విడిగా వెతికి తీసేయాల్సి వచ్చేది, 2025 నుంచి డీరిజిస్టర్ చేసేటప్పుడే స్నాప్‌షాట్లు కూడా తీసేయమనే ఆప్షన్ వచ్చింది. ఇప్పటికే డీరిజిస్టర్ చేసిన వాటి స్నాప్‌షాట్లు చేత్తో ఏరాలి, వివరణలో ఏఎంఐ ఐడీ ఉంటుంది, దాన్ని బట్టి పట్టుకోవచ్చు.

కానీ తొందరపడి తీసేయకండి. నడుస్తున్న మెషీన్లకి ఏఎంఐ పోయినా ఏం కాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఏదో ఒక లాంచ్ టెంప్లేట్ ఆ పాత ఐడీనే చూపిస్తుంటే, రిజల్ట్స్ రోజు ఆటో స్కేలింగ్ కొత్త మెషీన్ అడిగినప్పుడు ఇమేజ్ లేదంటుంది. ప్రతి ఏఎంఐకీ చివరిసారి ఎప్పుడు లాంచ్ అయిందో చూపించే ఫీల్డ్ ఉంది, అది చూసి, టెంప్లేట్ వెర్షన్లన్నీ వెతికి, ముందు డిప్రికేట్ (పాతబడిందని గుర్తు) చేయండి, అప్పటికీ ఐడీ తెలిసినవాళ్లకి పనిచేస్తూనే ఉంటుంది. ఓ నెల ఎవరూ వాడకపోతే అప్పుడు డీరిజిస్టర్. రీసైకిల్ బిన్‌లో ఏఎంఐలకి, స్నాప్‌షాట్లకి రిటెన్షన్ రూల్ కూడా పెట్టుకోండి, ఒకవేళ అవసరమైంది పోయినా గడువులోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. హైదరాబాద్ కాపీలకి ఇదంతా విడిగా చేయాలి, ముంబైలో తీసేస్తే అక్కడివి పోవు.